కథాకన్యల కలయిక

బాలసాహిత్యాన్ని గూర్చి విమర్శ వ్రాయడం మనలో అంతగా అలవాటు లేని పని. పెద్దల కావ్యాలను తూచే త్రాసులో పిల్లల బొమ్మల పుస్తకాన్ని వేయడం అనవసరమని కొందరు, అనుచితమని మరికొందరు తలుస్తారు. కాని మనిషి మొట్టమొదట విన్న కథ, మొట్టమొదట చూసిన బొమ్మ అతని ఊహకు పునాదిరాళ్లు. పునాదిని చూడకుండా మేడను మెచ్చుకోవడం వివేకమనిపించుకోదు. ఇంట తెనుగు, బడిలో ఒడియా, పై చదువులకు ఇంగ్లీషు, సంతలో కువి మాటలు వినే బంధుగాం ప్రాంతపు తెనుగు కుటుంబాలకు ఈ విచారణ మరింత దగ్గరది. ఏ భాష నుండి ఏ కథ వచ్చి మన పిల్లల చేతికి చేరుతున్నదో, అది వారికి ఏమి ఇచ్చి ఏమి తీసుకొంటున్నదో తెలుసుకోవడం గృహస్థధర్మంలో ఒక భాగమే.

ఇట్టి దృష్టితో, ఈ వ్యాసంలో ఒక ఇంగ్లీషు బొమ్మల నవలను పరిశీలించదలచాను. దాని పేరు 'చెషైర్ క్రాసింగ్'. రచన ఆండీ వేయర్, చిత్రాలు సారా ఆండర్సన్. అమెరికాలో టెన్ స్పీడ్ ప్రెస్ వారు 2019లో దీనిని పుస్తకంగా ప్రచురించారు. వేయర్ మనకు అపరిచితుడు కాడు. కుజగ్రహంపై ఒంటరిగా చిక్కుకొన్న వ్యోమగామి కథ 'ది మార్షియన్' వ్రాసినవాడు ఆయనే; ఆ కథ 2015లో చలనచిత్రమై లోకమంతా తిరిగింది. అంతకు చాలముందే, 2006 ప్రాంతంలో, ఆయన ఈ ఆడపిల్లల కథను తన చేతి బొమ్మలతోనే విడతలుగా అంతర్జాలంలో వెలువరించాడు. తరువాత చేయి తిరిగిన చిత్రకారిణి దానిని మొదటినుండి తిరిగి చిత్రించగా ఇప్పటి రూపం వచ్చినది. కథకు బొమ్మ అలంకారంగా ఉండడం మన పత్రికలలో ఎరిగినదే. బొమ్మల నవలలో అట్లుకాదు. అక్కడ బొమ్మయే వాక్యం. ఒక గడి నుండి మరొక గడికి కన్ను నడిచినకొద్దీ కథ నడుస్తుంది. ఈ నడక ఆండర్సన్‌కు బాగా తెలుసు. ముఖంలోని విసుగును, కోపాన్ని, కొంటెతనాన్ని రెండు మూడు గీతలలో పట్టగల నేర్పు ఆమెది.

ఇందలి ముగ్గురు నాయికలు వేయర్ సృష్టించినవారు కారు; ముగ్గురూ లోకప్రసిద్ధలు. మొదటిది ఆలిస్. ల్యూయిస్ కారల్ 1865లో ప్రకటించిన కథలో కుందేలు వెంట బొరియలోకి జారిపడి, కొలతలు, మర్యాదలు, మాటల అర్థాలు సమస్తం తారుమారైన లోకాన్ని చూసి వచ్చిన పిల్ల. రెండవది డొరతి. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో వ్రాసిన కథలో కాన్సస్ మైదానం నుండి సుడిగాలి ఎత్తుకుపోగా ఓజ్ దేశంలో పడి, గడ్డిబొమ్మను, రేకుమనిషిని, పిరికి సింహాన్ని తోడు చేసుకొని నడిచి నడిచి ఇల్లు చేరిన అనాథ బాలిక. మూడవది వెండీ. జె. ఎం. బారీ 1904లో రంగస్థలంపైకి తెచ్చి, 1911లో నవలగా మలచిన కథలో, ఎన్నటికీ పెద్దవాడు కాని పీటర్ పాన్ వెంట ఎగిరి నెవర్‌లాండ్ చేరిన అమ్మాయి.

పాత కథలు మూడూ ఇల్లు చేరడంతో ముగుస్తాయి. కొత్త కథ సరిగా అక్కడే మొదలవుతుంది. అద్భుతలోకాన్ని చూసి వచ్చిన పిల్ల తాను చూసినదంతా ఇంటిలో చెప్పితే ఏమి జరుగుతుంది? వేయర్ ఇచ్చే జవాబు కఠినమైనది: ఆ పిల్లకు మతి చలించినదని పెద్దలు నిర్ణయిస్తారు. వైద్యుల చుట్టూ త్రిప్పుతారు. ఈ ముగ్గురూ యౌవనారంభానికి వచ్చేనాటికి అట్టి అవమానాన్ని కడుపునిండ అనుభవించి ఉన్నారు. కడపట ముగ్గురినీ ఇంగ్లండులోని చెషైర్ క్రాసింగ్ అనే ఆశ్రమపాఠశాలకు పంపుతారు. అక్కడివారు మాత్రం వీరి మాటలను నమ్ముతారు. లోకాంతరాలకు దాటగల వీరి శక్తిని అధ్యయనం చేసి, దానిని అదుపులో పెట్టుకోవడం నేర్పదలచుతారు. పెద్దల అజమాయిషీతో విసిగిపోయిన పిల్లలు ఊరక కూర్చుంటారా? డొరతి వెండి పాదరక్షల మహిమ తోడై ఒక లోకం నుండి మరొక లోకానికి పరుగు తీస్తారు. ఆ కలకలంలో ఓజ్ దేశపు దుష్టమంత్రగత్తెకు, నెవర్‌లాండ్ ఓడదొంగ కెప్టెన్ హుక్‌కు పరిచయం కలిగి, అది ప్రణయంగా పరిణమించి, రెండు కథల దుర్మార్గం ఒక్కటవుతుంది. దానిని నివారించడానికి మూడు కథల మంచితనం ఒక్కటి కావలసి వస్తుంది. ఇదీ స్థూలంగా ఇతివృత్తం.

పాదరక్షలను వెండివిగానే ఉంచడం గమనింపదగినది. 1939 నాటి చలనచిత్రం వాటిని కెంపురంగుకు మార్చగా జనం ఆ ఎరుపునే గుర్తుంచుకొన్నారు. బామ్ వ్రాసిన మూలంలో అవి వెండివే. పదుగురికి తెలిసిన చిత్రాన్ని వదలి మూలానికి వెళ్లిన రచయితకు మూలం మీద గౌరవమున్నదని చెప్పవచ్చు. ఆ గౌరవం చివరిదాకా నిలిచినదా అన్నదే మన విచారణ.

మొదట గుణం చెప్పుకొందాం. ఈ పుస్తకంలోని అన్నిటికంటె విలువైన ఊహ ఏదంటే, బిడ్డకు లోకాంతరగమనం వలన గాయం కలుగదు, తిరిగి వచ్చిన తరువాత నమ్మేవారు లేకపోవడం వలన కలుగుతుంది అనేది. పాత రచయితలు దీనిని ఎరుగనివారు కారు. ఆలిస్ మేలుకొని తన కలను చెప్పగా ఆమె అక్క వినడమే కాక, చెల్లెలు వెళ్లిపోయిన తరువాత తానూ కన్నులు మూసుకొని ఆ వింతలోకాన్ని సగం చూస్తుంది. బామ్ ఈ సంగతిని మరికొంత ముందుకు నడిపించాడు. 1910లో వెలువడిన 'ది ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్' అనే కథలో డొరతి పెంపకందారులైన ఎమ్ అత్త, హెన్రీ మామ ఆ పిల్ల మాటలను స్వప్నకల్పనలుగానే ఎంచుతూ వచ్చి, అప్పు క్రింద పొలం పోయే దుస్థితి వచ్చినప్పుడు ఆమె చేయి పట్టుకొనే ఓజ్ దేశంలో ఆశ్రయం పొందుతారు. నమ్మని పెద్దలను పిల్ల రక్షించిన ఆ కథ తెలిసినవారికి వేయర్ ఊహ ఎక్కడ వేరు పాతినదో అర్థమవుతుంది. ఒంటరిగా అవిశ్వాసాన్ని మోసిన ముగ్గురు పిల్లలు ఒకచోట కలిసినప్పుడు కలిగే ఉపశమనం ఈ కలయికకు అసలు సమర్థన. ఒకరి లోకాన్ని మరొకరు చూడలేదు. అయినా చూసివచ్చిన దానిని గూర్చి చెప్పి నవ్వుబాటు పడడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. స్నేహానికి ఇంతకంటె మంచి పునాది దొరకదు.

ఇచట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక అవసరం. ఇదే ముగ్గురు నాయికలను ఒకచోట చేర్చిన బొమ్మల నవల మరొకటి ఉన్నది. ఆలన్ మూర్ వ్రాయగా మెలిండా గెబ్బీ చిత్రించిన 'లాస్ట్ గర్ల్స్', 2006లో సంపూర్ణంగా వెలువడినది. అది కేవలం వయోజనులకు ఉద్దేశించిన శృంగారగ్రంథం. నాయికల పేర్లు చూసి పొరబడి దానిని పిల్లల చేతికి ఇవ్వరాదు. చెషైర్ క్రాసింగ్ ఆ కోవలోనిది కాదు. బాల్యం దాటుతున్నవారు నిస్సంకోచంగా చదువదగినది.

ఇక దోషం. నమ్మకం, అవిశ్వాసం అనే గంభీరమైన తంతువును చేతబట్టి మొదలైన కథ కొన్ని పుటలలోనే దానిని జారవిడిచి, పరుగుకు, పోరాటానికి లోబడిపోయినది. పరుగు రుచిగానే ఉన్నది. హాస్యం పుష్కలంగా ఉన్నది. మంత్రగత్తెకు, హుక్‌కు నడిచే సరసం పెద్దలను సైతం నవ్విస్తుంది. కాని ఈ వేగానికి చెల్లించిన మూల్యం నాయికల స్వభావం. మూలకథలలో ఈ ముగ్గురిలో ఎవరికీ ఆయుధం బలం కాదు. ఆలిస్ బలం ప్రశ్న. తర్కం తలక్రిందులైన సభలో కూడ మర్యాద తప్పకుండా, తెలియనిది తెలియదని ఒప్పుకొంటూ, పొసగని మాటను పొసగదని చెప్పడం ఆమె పరాక్రమం. డొరతి బలం నడక. దారిలో కలిసిన ప్రతి ప్రాణి కొరతను తన కొరతతో సమానంగా ఎంచి వెంట తీసుకొని పోవడం ఆమె మహిమ. వెండి చెప్పులు ఆమె కాళ్లకు ఉన్నంత కాలమూ వాటి శక్తి ఆమెకే తెలియదు. వెండీ బలం కథ. పీటర్ పాన్ ఆ ఇంటి కిటికీ దగ్గరకు వచ్చినదే కథలు వినడానికి. ఆమెను తీసుకుపోయినదే తల్లిలేని బాలురకు కథలు చెప్పించడానికి.

బొమ్మల నవలలో ఆలిస్ ప్రశ్న కోపంగా మారినది. చేదుమాటల గడుసుపిల్లగా ఆమె కనబడుతుంది. ఎన్నో అవమానాలు పొందిన పిల్లకు అది సహజమే అనవచ్చు, కాని కోపం వెనుక ఆ పాత తర్కబుద్ధి తొంగిచూస్తే చిత్రం పూర్ణమయ్యేది. డొరతి సౌజన్యం మిగిలినది. ఆమె నడక పోయినది, ఎందుకంటే ఒక్క క్షణంలో లోకాలు దాటేవారికి దారి ఉండదు, దారిలో కలిసేవారూ ఉండరు. వెండీ విషయం మరింత విచారకరం. ఆమెలోని సాహసం ముందుకు వచ్చి, కథ చెప్పే గుణం వెనుకబడిపోయినది. మూడు లోకాల పిల్లలు ఒకచోట చేరినప్పుడు, రాత్రివేళ వారిలో ఒకతె కథ చెప్పడం మొదలుపెట్టితే మిగిలిన ఇద్దరూ ఎట్లా వినేవారో చూపే అవకాశం రచయిత చేతికి వచ్చి జారిపోయినది. శక్తులను లెక్కించి పంచడం సులభం. స్వభావాలను కలపడం కష్టం. కలయిక కథలకు పరీక్ష ఇక్కడే.

ఇట్టి కలయికలు మనకు కొత్తవి కావు. వేర్వేరు కథలలోని స్త్రీలను ఒకచోట నిలిపే ఉపాయం మన పూర్వులు రెండు విధాల సాధించారు. మొదటిది సింహాసనపు మెట్లు. కొఱవి గోపరాజు పదునైదవ శతాబ్దంలో తెనుగు చేసిన 'సింహాసన ద్వాత్రింశిక'లో ముప్పది రెండు సాలభంజికలు ఒకే సింహాసనానికి అమరి ఉంటాయి. భోజరాజు ఎక్కబోయినప్పుడల్లా ఒక్కొక్క బొమ్మ నోరు విప్పి ఒక్కొక్క కథ చెప్పి ఆపుతుంది. అన్నీ ఒకచోటనే ఉన్నవి. ఏ ఒక్కటీ మరొకదాని మెట్టు ఆక్రమించదు. అహంకారంతో ఎక్కబోయే రాజును మాటతో నిలువరించడమే వాటి ఉమ్మడి కార్యం. బొమ్మలు మాట్లాడే నవల అంటే మన ఎరుకలో మొదటిది ఇదేనని చమత్కారంగా అనవచ్చు.

రెండవది ఒకే ఇంటి కప్పు. 1961లో విజయావారు నిర్మించగా కె. వి. రెడ్డి దర్శకత్వం వహించిన 'జగదేకవీరుని కథ' ఎరుగని తెనుగు కుటుంబం అరుదు. అందులో ప్రతాపుడనే రాకుమారుడు ఇంద్రకుమారిని, నాగకుమారిని, వరుణకుమారిని, అగ్నికుమారిని పెండ్లాడుతాడు. నాలుగు లోకాల నాయికలు ఒక కథలో కలిశారు. బి. సరోజాదేవి ఇంద్రకుమారిగా, ఎల్. విజయలక్ష్మి నాగకుమారిగా నటించిన ఆ చిత్రంలో వేడుక ఎంతో ఉన్నది, పింగళి నాగేంద్రరావు మాటల సొగసు ఉన్నది. కాని విమర్శకుడు ఒక ప్రశ్న వేయక తప్పదు: ఆ నలుగురినీ కలిపినది ఏమిటి? ఒక్క భర్త. అతడు లేనిచో నాగలోకపు పిల్లకు అగ్నిలోకపు పిల్లతో చెప్పుకోవలసిన మాట ఏదీ కథలో లేదు. వారి వారి లోకాలు నాయకుని విజయయాత్రలో మజిలీలు మాత్రమే.

ఈ ఒక్క విషయంలో చెషైర్ క్రాసింగ్ మన చిత్రానికంటె ఒక మెట్టు పైన ఉన్నదని నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి. ఆ ముగ్గురినీ కలిపినవాడు నాయకుడు కాడు. వారి అనుభవమే వారిని కలిపినది. పీటర్ పాన్ వంటి ప్రసిద్ధ వీరుడు సైతం అక్కడ వారికి నాయకత్వం వహించడు. ఆడపిల్ల కథ ఆమె పెండ్లితోనో, ఆమెను గెలిచినవాని కీర్తితోనో ముగియకుండా, ఆమె తోటి ఆడపిల్లతో చెలిమిగా సాగడం మన కథకులు నేర్వదగిన గుణం.

అయితే నేర్వడమంటే అనుకరించడం కాదు. ఆలిస్, డొరతిల స్థానంలో ఇద్దరు తెనుగు నాయికల పేర్లు పెట్టి అదే పరుగు పరుగెత్తిస్తే ప్రయోజనం లేదు. మన నాయికల బలం ఏమిటో ముందు తెలియాలి. బాలనాగమ్మను తీసుకొందాం. జంగంకథగా, బుర్రకథగా పల్లెపల్లెనా మ్రోగిన ఈ కథ 1942లో జెమినీవారి చిత్రమై, సి. పుల్లయ్య దర్శకత్వంలో, కాంచనమాల నాయికగా తెనుగుదేశాన్ని ఉర్రూతలూపినది. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. భర్త, అతని బలగం రక్షింపవచ్చి రాళ్లయిపోతారు. ఇక ఆమెకు కత్తి లేదు, సైన్యం లేదు, మంత్రం లేదు. నోము నోచుచున్నానని చెప్పి గడువు సంపాదిస్తుంది. సంవత్సరాల తరబడి ఆ గడువును కాపాడుకొంటుంది. కుమారుడు బాలవర్ధిరాజు పెరిగి వచ్చిన తరువాత మాటల నేర్పుతో మాంత్రికుని ప్రాణం చిలుకలో ఉన్న రహస్యాన్ని రాబట్టుతుంది. చిలుకను తెచ్చినది కొడుకే. తేవలసినది చిలుక అని తెలుసుకొన్నది తల్లి. ఓర్పు, మాట అనే రెండు సాధనాలతో మహామాయను జయించిన నాయిక ఆమె.

ఈ కథ తెనుగు ఎల్లలలో ఆగలేదు. మేరీ ఫ్రియర్ అనే ఇంగ్లీషు యువతి తన ఇంటి ఆయా అన్నా లిబెరాటా డిసూజా చెప్పగా విన్న కథలను 1868లో 'ఓల్డ్ దక్కన్ డేస్' అనే పేర ప్రకటించినది. అందులోని 'పంచ్‌కిన్' కథలో ఏడుగురు రాకుమార్తెలలో చిన్నదాని పేరు బాల్నా. ఆమెను నల్లకుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాంత్రికుని ప్రాణం చిలుకలోనే ఉంటుంది. కథ అదే, ఊరు వేరు. అందులో బాల్నా కుమారునికి తోటమాలి భార్య ఆశ్రయమిస్తుంది. ఆడవేషం వేసుకొని ఆ బాలుడు పూలలో ఉంగరం పెట్టి తల్లికి చేరవేస్తాడు. ఆలిస్ మొదటి ముద్రణకు మూడేళ్ల తరువాతనే మన బాలనాగమ్మ చెల్లెలు ఇంగ్లీషు పుటలకు ఎక్కినదన్నమాట. ఆలిస్‌ను లోకమంతా ఎరుగును. బాల్నాను ఎరిగినవారు కొద్దిమంది. దీనికి కారణం కథలోని లోపమని చెప్పజాలము. ఆలిస్ కథను ఆమె జాతివారు తరతరాలుగా కొత్త బొమ్మలతో, కొత్త ముద్రణలతో పిల్లల చేతికి అందిస్తూ వచ్చారు. మనం ఆ పని విడిచినాము.

మన పొరుగింటి నాయికను కూడ ఇక్కడ తలచుకోవలె. ఒడియా చదువుకొంటున్న మన పిల్లలకు ఎన్నడో ఒకనాడు తారసపడే పేరు తఅపోయి. ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలు, బంగారు చందమామతో ఆడుకోవాలని అడిగిన సాధవుల బిడ్డ. తల్లిదండ్రులు గతించి, అన్నలు ఓడలెక్కి వ్యాపారానికి దూరదేశం వెళ్లగా, వదినలు ఆమెకు నూకల కూడు పెట్టి మేకలు కాయ పంపుతారు. ఏడవ వదిన ఒక్కతె దయ చూపుతుంది. అడవిలో మంగళాదేవిని పూజించే కన్యల జతలో చేరి, తనకు దొరికిన ఆ నూకలనే నైవేద్యం పెట్టి ఆమె మొరపెట్టుకొంటుంది. అన్నలు తిరిగి వస్తారు. భాద్రపదమాసపు ఆదివారాలలో ఒడియా కన్యలు చేసే ఖుదురుకుణి ఓషా ఈ కథ చుట్టూ అల్లుకొన్నదే. కథ చివర తఅపోయి వదినల ముక్కులు కోసి పగ తీర్చుకొంటుంది, చిన్నవదినను మాత్రం విడిచిపెట్టుతుంది. ఆ కాఠిన్యాన్ని నేటి పిల్లలకు చెప్పేటప్పుడు తల్లులు ఆలోచించుకోవలసి ఉంటుంది. కాని దుర్బలురాలికి కోపం రాకూడదని శాసించే కథలకంటె, వచ్చిన కోపాన్ని దాచని ఈ కథ నిజాయితీ గలది.

ఇప్పుడు బాలనాగమ్మ, తఅపోయి ఒకచోట కలిసినారనుకొందాం. ఝంఝావతి ప్రాంతపు ఏ సంతలోనో, ఒకతె తెనుగు, ఒకతె ఒడియా మాట్లాడుతూ కూర్చున్నారనుకొందాం. వారు చెప్పుకోదగిన మాటలు ఎన్ని! ఇద్దరికీ తోడు ఉండవలసిన మగవారు దూరమైనారు, ఒకరివారు రాళ్లై, మరొకరివారు సముద్రం మీద. ఇద్దరూ నోమునే ఆసరాగా చేసుకొన్నారు, ఒకతె గడువు కోసం, మరొకతె విడుదల కోసం. ఇద్దరి కథలోను మూలనున్న ఒక స్త్రీ, పేరు ప్రసిద్ధి లేని తోటమాలి భార్యో, చిన్నవదినో, నమ్మి ఆదుకొన్నది. చెషైర్ క్రాసింగ్‌లో అధ్యాపకులు చేసిన పనిని మన కథలలో ఆ అనామిక చేసినది. ఇట్టి పోలికలు స్వభావాల నుండి పుట్టినవి. వీటిని పట్టుకొని అల్లిన కలయికకు యుద్ధం లేకున్నా లోటు ఉండదు. కువి మాట్లాడే కొండవారి ఇండ్లలోను నాయికలున్నారు. వెరియర్ ఎల్విన్ 1954లో ప్రకటించిన ఒడిసా ఆదివాసుల పురాణగాథల సంపుటం చూచినవారికి ఆ సంపద ఎంతటిదో తెలియును. మూడవ పిల్ల అక్కడినుండి రావలె. ఆమె కథను ఆమెవారే చెప్పవలె.

ఇదంతా ఊహావిలాసమేనా? ఒక నాడు దీనికి కావలసిన సాధనం మన చేతిలో ఉండేది. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన 'చందమామ' తరువాత ఒడియాలో 'జహ్నమాము'గా కూడ వెలువడినది. అదే కథకు అవే బొమ్మలు. మాటలు మాత్రం రెండు భాషలలో. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గీసిన రాకుమార్తె ఒక ఇంట తెనుగు, పక్క ఇంట ఒడియా మాట్లాడేది. ఈ శతాబ్దపు రెండవ దశకంలో ఆ పత్రిక ఆగిపోయినది. దాని స్థానంలో మన పిల్లలకు వచ్చిన వాటిలో అందమైనవి ఉన్నవి, చెషైర్ క్రాసింగ్ వాటిలో ఒకటి. కాని ఆ పుస్తకాన్ని ఆనందించడానికి ఒక నియమం ఉన్నది. ఆలిస్ ఎవరో, డొరతి ఎవరో, వెండీ ఎవరో ముందే తెలిసి ఉండాలి. పుట్టినిల్లు తెలియని పిల్ల చుట్టంగా వస్తే ఆమె రాకలో వింత ఏముంటుంది? కలయిక కథ అనేది పాత కథల పెట్టుబడి మీద జరిగే వ్యాపారం. పెట్టుబడి నిలవ ఉన్న జాతికే అది సాధ్యం.

1936 ఏప్రిల్ 1న కోరాపుట్ ప్రాంతం ఒడిసాలో చేరిననాటి నుండి ఇక్కడి తెనుగు కుటుంబాల పిల్లలు తరం తరంగా ఇంటి భాషకు, బడి భాషకు నడుమ రోజూ రెండుసార్లు ఎల్ల దాటుతూనే ఉన్నారు. అవ్వ చెప్పిన కథను బడిలో చెప్పితే అర్థం కాదు. బడిలో విన్న కథను ఇంట చెప్పితే వినేవారు ఉండరు. క్రమంగా పిల్ల రెండుచోట్లా మౌనం వహిస్తుంది. ఆలిస్‌కు ఇంగ్లండులో కలిగిన కష్టం ఇంత చిన్న పరిమాణంలో మన గడపలలోనూ కలుగుతున్నది. దానికి ఆశ్రమపాఠశాలలు అక్కరలేదు. బడినుండి వచ్చిన పిల్ల తఅపోయి కథ చెప్పినప్పుడు తెనుగు అవ్వ చెవి యొగ్గి విని, 'మన బాలనాగమ్మకు ఏమైందో తెలుసునా' అని మొదలుపెట్టితే చాలును. అట్టి ఇంటి పిల్ల చేతికి చెషైర్ క్రాసింగ్ ఇవ్వవచ్చును. అందలి హాస్యానికి నవ్వుతుంది, బొమ్మలకు మురుస్తుంది, వెండీ చేత ఒక్క కథయైనా చెప్పించలేదేమని రచయితను తప్పక నిలదీస్తుంది.